రాహుకాలంలో రైట్ క్లిక్

వీడియోలు చూడటం కోసం తీస్తారని మీరు ఇంకా నమ్ముతున్నారా? అయితే మీతో వాదించడం కష్టం. అయినా మన ప్రయత్నం మనం చేద్దాం.

వీడియో తీసేది దాని గురించి రాసిపెట్టుకోవడానికి! నమ్మకం లేకపోతే మీ కంప్యూటర్‌లో ఏదో ఒక ఫైలు మీద మౌసు పెట్టి కుడి బొత్తాం నొక్కండి. ప్రాపర్టీస్ అని వస్తుంది. అందులో డీటెయిల్స్. అక్కడ టైటిలు, ట్యాగులు, రేటింగు, కామెంట్లు అంటూ ఖాళీ గళ్లు వరసగా నోళ్లు తెరుచుకుని కూర్చుని ఉంటాయి. చదువుకున్నవాళ్లు దీన్ని మెటాడేటా అంటారు. పెళ్లికూతురి గురించి పెళ్లిళ్ల పేరయ్య చెప్పే మాటల్లాంటివన్నమాట. పెళ్లికూతురు ఒక్కతే, పేరయ్య మాటలు వంద. మరి ఏది గొప్ప?

మామూలు మనుషులు ఈ గళ్లను ఖాళీగా వదిలేస్తారు. పదెకరాల నల్లరేగడి చేతిలో ఉంచుకుని, పత్తీ వెయ్యక మిరపా వెయ్యక బీడు పెట్టినట్టు! ఆ పాపం తన కంప్యూటర్‌లో జరగనివ్వని మహానుభావుడు మన జిల్లాలో ఒక్కరే ఉన్నారు. నల్లపాడులో ఉండే రాధాకృష్ణమూర్తిగారు.

మూర్తిగారు ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. దిద్దడానికి పేపర్లు లేని లెక్కల మాస్టారు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆయన భార్య కోటేశ్వరమ్మగారిని అడగండి. మొదటి ఆర్నెల్లు ఆవిడ రాసుకున్న సరుకుల చీటీలో గుణింతాలు దిద్దారు. తర్వాత ఇంటికొచ్చిన శుభలేఖలన్నీ ఎర్ర సిరాతో దిద్ది, పిలిచినవాళ్లకే తిరిగిచ్చారు. చుట్టాలు పిలవడం మానేసే పరిస్థితి వచ్చింది. అప్పుడు కూతురు మహతి తన జీతంతో ఒక కంప్యూటర్ కొనిచ్చి, ఇంట్లో వీడియోలన్నీ అందులోకి ఎక్కించి, ఈ కామెంట్ల గడి చూపించింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రశాంతత నెలకొంది.

ఆరువందల పన్నెండు ఫైళ్లు! ఒక్కదానికీ ఒక్క గడీ ఖాళీ లేదు. ఆవకాయ కలుపుతున్న వీడియో ఉంది. కామెంటు: "ఆవపిండి సరిపోయింది. ఉప్పు తక్కువ. కారణం, కలుపుతూ మాట్లాడటం." మిర్చి యార్డు ముందు స్కూటరు ఆగిపోయినప్పుడు పొరపాటున తీసిన పదకొండు సెకన్ల వీడియో ఉంది. ట్యాగులు: ఘాటు, తుమ్ము, స్కూటరు, మళ్ళీ తుమ్ము. మేనల్లుడి ఒడుగుకి అయిదింట రెండు నక్షత్రాలే వచ్చాయి. వటువు ఉచ్చారణ మెరుగుపడాలని సూచన కూడా రాశారు. డైరెక్టరు అనే గడిలో మాత్రం ఇంట్లో తీసిన ప్రతి వీడియోకీ కోటేశ్వరమ్మ పేరే ఉంటుంది. అందులో దిద్దడానికి ఏమీ లేదు.

పేరెంటల్ రేటింగ్ అని ఇంకో గడి ఉంది. పిల్లలు చూడదగ్గ వీడియోనా కాదా అని చెప్పేందుకు పెట్టారట. మూర్తిగారు అలా అర్థం చేసుకోలేదు. పేరెంట్స్‌కి రేటింగ్ ఇవ్వమన్నారు కాబోలనుకుని, వీడియోలో కనిపించే పిల్లల తల్లిదండ్రులకి నూటికి ఇన్నని మార్కులు వేసేశారు. సొంత తమ్ముడికి నలభై ఒకటి వచ్చాయి. మరదలు ఆ తర్వాత ఏడాది దాకా గడప తొక్కలేదు.

ఇందులో లోకోపకారం ఎంత ఉందో చూడండి. ఒకప్పుడు పెళ్లి వీడియో చూపిస్తామంటే చుట్టాలు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవారు. మూడు గంటలు! అందులో భోజనాల బంతే గంట! మూర్తిగారింట్లో ఆ బాధ లేదు. వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి కామెంట్లు చదివి వినిపిస్తారు. గ్లాసు కింద పెట్టేలోపు ఒక గృహప్రవేశం, ఒక సీమంతం, రెండు షష్టిపూర్తులు అయిపోతాయి. ఏ వీడియో అయినా తెరిచి చూపించమని అడిగినవాడు ఇంతవరకు లేడు. అడిగే అవసరం రాలేదు.

ఇక మహతి పెళ్లి. వైశాఖంలో ఒక ఆదివారం, ఉదయం పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకి, సింహలగ్నంలో. అల్లుడు సాయికౌశిక్ ఒంగోలులో ఇంజనీరు. వియ్యంకుడు మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ మేనేజరు. పురోహితులు పెదకాకాని జయదేవశర్మగారు. వీడియో తీసినవాడు పీరు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు కాబట్టి, మంత్రం వినగానే తర్వాత ఏ పళ్లెం లోపలికి వస్తుందో పెళ్లివారికన్నా ముందు అతనికే తెలుస్తుంది.

పీరు ఆ పెళ్లిని ముప్పై ఒక్క ఫైళ్లుగా కోసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. మూర్తిగారికి పండగే పండగ! స్నాతకానికి కామెంటు, కాశీయాత్రకి కామెంటు, పానకం బిందెలకి విడిగా ట్యాగులు. పేరెంటల్ రేటింగులో తనకి తాను తొంభై ఎనిమిది వేసుకున్నారు. పోయిన రెండు మార్కులూ పులిహోరవి.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్తగారింట ఉండకూడని మాసం కాబట్టి మహతి పుట్టింటికి వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే మూర్తిగారు పంతొమ్మిదో ఫైలుకి చేరారు. జీలకర్ర బెల్లం! మనవాళ్ల పెళ్లికి అసలు ముహూర్తం అదేనని మీకు చెప్పాలా? వధూవరుల మధ్య పట్టిన అడ్డుతెర దిగి, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే ఆ నిమిషం కోసమే పంచాంగం తిరగేసేది. మిగతాదంతా ముందూ వెనకా అయినా ఫరవాలేదు.

మూర్తిగారు కుడి బొత్తాం నొక్కారు. ప్రాపర్టీస్. డీటెయిల్స్. ముహూర్తం కాబట్టి ఈసారి, ఫైలు ఎప్పుడు పుట్టిందో చెప్పే గడి కూడా చూసి, అక్కడే ఆగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

సాయంత్రం 4:44.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆ వేళలో మూర్తిగారు బీరువా తాళం కూడా తియ్యరు. అలాంటిది కన్నకూతురి నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టించారా?

వంటింట్లోంచి కోటేశ్వరమ్మగారిని పిలిచి చూపించారు. ఆవిడ చదివి, ఇదేం విడ్డూరమంది. పన్నెండున్నరకల్లా మొదటి బంతి లేచిందనీ, నాలుగింటికి తను మిగిలిన కొబ్బరికాయలు బస్తాలో కడుతోందనీ గుర్తు చేసింది.

"అది నీ జ్ఞాపకం. ఇది రికార్డు," అన్నారు మూర్తిగారు.

గమనించారా? ఆరువందల మంది పెళ్లి చూసి, భోంచేసి, తాంబూలం పుచ్చుకుని, ఎండలో ఇళ్లకి వెళ్లి ఒక కునుకు తీశారు. ఆ ఆరువందల కడుపుల సాక్ష్యమూ ఒక్క గడి ముందు చెల్లలేదు! అసలు మూర్తిగారు స్వయంగా రెండో బంతిలో కూర్చుని నాలుగు పూర్ణాలు తిన్నారు. అది ఆయనకి గుర్తొచ్చింది కూడా. దాంతో కొత్త భయం పట్టుకుంది. పెళ్లి నాలుగు నలభై నాలుగుకి అయితే, మధ్యాహ్నం తిన్న పూర్ణాలు కన్యాదానానికి ముందు తిన్నట్టే కదా? కన్యాదాత ఉపవాసం చెడినట్టే కదా? దోషాలు రెండయ్యాయి. ఆయన రెండూ కామెంట్ల గడిలో నమోదు చేశారు. చివర "విచారణలో ఉంది" అని రాసి సేవ్ కొట్టారు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం మీకు తెలియాలి. వాట్సాప్‌లో పంపితే వీడియో వెళ్తుంది కానీ కామెంట్లు దారిలో రాలిపోతాయి. అందుకని మూర్తిగారు ఎవరికైనా పెన్‌డ్రైవే ఇస్తారు. వియ్యాలవారికి ఇస్తానన్న పెన్‌డ్రైవ్‌లో ముప్పై ఒక్క ఫైళ్లూ ఎక్కించి, మార్టూరు వెళ్లే మనిషి చేత పంపారు. రాహువు కూడా వాటితోపాటే బస్సెక్కాడు.

వియ్యంకుడు ఈ గళ్ల విద్యలో మూర్తిగారి దగ్గర శిక్షణ పొందినవాడే. ఆయనా ముందు డీటెయిల్సే చదువుతాడు. పంతొమ్మిదో ఫైలు చదివిన పావుగంటకి ఫోన్ మోగింది.

ఆ తర్వాత మార్టూరులో జరిగిన ప్రతిదానికీ కారణం దొరికింది. పాలు విరిగాయి, రాహువు. ఇంకొల్లు దగ్గర అల్లుడి బండి పంక్చరైంది, రాహువు. యూనిట్‌లో పాలిష్ పెడుతున్న రాయి నిలువునా చీలింది, ఇంకెవరు? ఆ యూనిట్‌లో వారానికి రెండు రాళ్లు చీలడం మామూలే. పాపం అవి అంతకుముందు ఏ కారణమూ లేకుండా చీలేవి. మెటాడేటా వచ్చాక వాటికీ ఒక అర్థం ఏర్పడింది.

వియ్యంకులిద్దరూ ఫోన్‌లో మూడు రోజులు చర్చించి ఒక నిర్ణయానికి వచ్చారు. పెళ్లి మళ్ళీ చెయ్యాలి. శ్రావణంలో. అదే పెళ్లికొడుకు, అదే పెళ్లికూతురు. అల్లుడు నిక్షేపంగా ఒప్పుకున్నాడు. సెలవు దొరుకుతుందంటే ఎన్నిసార్లయినా సిద్ధమేనట.

మహతి ఒప్పుకోలేదు. మళ్ళీ పీటల మీద కూర్చునేది లేదని తెగేసి చెప్పింది. జీలకర్ర బెల్లం జుట్టులోంచి వదలడానికి మూడు తలంట్లు పట్టిందనీ, ఆ ముచ్చట ఒక జన్మకి ఒకసారి చాలనీ నవ్వుతూనే మొదలుపెట్టింది. తండ్రి వినకపోయేసరికి నవ్వు ఆగిపోయింది.

"అది పెళ్లి కాకపోతే, ఈ రెండు నెలలూ నేను ఒంగోలులో ఎవరింట్లో ఉన్నట్టు నాన్నా?"

దోషం చిన్నదేననీ, సవరించుకుంటే పోతుందనీ అన్నారు మూర్తిగారు. మహతి లేచి లోపలికి వెళ్లి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒక్కగానొక్క కూతురు. ఆయనకి అన్నం సహించలేదు. కానీ రికార్డు రికార్డే కదా! కూతురి కాపురం చల్లగా ఉండాలనే కదా ఇదంతా!

ఈలోగా జయదేవశర్మగారికి తాఖీదు వెళ్లింది. ముహూర్తం అయిదున్నర గంటలు ఎందుకు ఆలస్యమైందో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని. శర్మగారు పంచాంగం చంకన పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. తను పదకొండు పద్నాలుగుకే చేయించాననీ, ఆ సాయంత్రం అయిదింటికి పెదకాకానిలో సత్యనారాయణ వ్రతంలో ఉన్నాననీ మొత్తుకున్నారు. ఆ వ్రతానికి వీడియో ఉందా అని మూర్తిగారు అడిగారు. లేదన్నారు శర్మగారు.

"మరి మీరు అక్కడ ఉన్నారని ఏమిటి ఆధారం?"

శర్మగారు ప్రసాదం తానే పంచానన్నారు. అంటూనే తన చేతుల వంక అనుమానంగా చూసుకున్నారు. రికార్డు శక్తి అలాంటిది. ఇంకో పది నిమిషాలు గట్టిగా అడిగితే ఆయన ఆ రోజు పెదకాకాని వెళ్లనే లేదని ఒప్పుకునేవారు.

అయితే ఆయన బాధ నవ్వుకునే బాధ కాదు. శ్రావణంలో ఆయనకి చెప్పిన పెళ్లిళ్లు అయిదు. ఈ మాట ఆ నోటా ఈ నోటా పాకి, అప్పుడే ఇద్దరు ఫోన్ చేసి మేము వేరే ఆలోచనలో ఉన్నామన్నారు. పురోహితుడికి ముహూర్తం మీద నమ్మకం పోతే ఇంకేం మిగులుతుంది? ఇరవై రెండేళ్లు సమయానికి నిలబడ్డ మనిషి. ఆయన కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగుతుంటే కోటేశ్వరమ్మగారు చూడలేకపోయింది. తిన్నగా పీరుకి ఫోన్ చేసి, కెమెరా తీసుకుని వెంటనే రమ్మంది. శర్మగారిని మెట్ల మీదనుంచి వెనక్కి పిలిచి కూర్చోబెట్టింది.

పీరు వచ్చి, కుర్చీలో కూర్చుని, విషయం విని, తల గోక్కున్నాడు. కెమెరాలో మన టైమే ఉందన్నాడు. కానీ అది ఏ ఊరి టైమో కెమెరా రాసుకోదట. కంప్యూటర్ దాన్ని లండన్ టైమ్ అనుకుంటుందట. అనుకుని, మనవాళ్లకి సాయం చేద్దామని అయిదున్నర గంటలు తనే కలిపి చూపిస్తుందట. పదకొండు పద్నాలుగుకి అయిదున్నర కలిపితే నాలుగు నలభై నాలుగు.

మూర్తిగారు లెక్క వేశారు. సరిపోయింది. అదే ఆయనకి నచ్చలేదు. లండన్‌కీ నల్లపాడుకీ ఏమిటి సంబంధం? నల్లపాడులో పెళ్లి చేసుకోవడానికి లండన్ అనుమతి కావాలా? లెక్క కుదిరినంత మాత్రాన నిజమైపోదు, రుజువు కావాలన్నారు.

"వీడియో చూడండి మాస్టారూ. శర్మగారి వెనకాల గోడ గడియారం ఉందిగా," అన్నాడు పీరు.

ఆ గడియారాన్ని వీడియోలో ఎవరూ చూడలేదు.

ఎందుకంటే ఆ ఫైలును ఇంతవరకు ఎవరూ తెరవలేదు! కామెంటు రాసిన మూర్తిగారు తెరవలేదు. చదివి హడలిపోయిన వియ్యంకుడు తెరవలేదు. ఆ మాటకొస్తే ఆ ఆరువందల పన్నెండు ఫైళ్లలో మూర్తిగారు ఒక్కటి కూడా ఆడించి చూడలేదు. ఇందులో తప్పు పట్టడానికేముంది? ప్రశ్నపత్రం తయారుచేసిన మాస్టారు పరీక్ష కూడా రాయాలంటారా? మౌసుకి కుడి బొత్తాం ఉండగా ఎడమ బొత్తాంతో ఆయనకేం పని?

మహతి వచ్చి మౌసు అందుకుంది. ఎడమ బొత్తాం రెండుసార్లు నొక్కింది.

సన్నాయి ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. మండపం, పూల దండలు, అడ్డుతెర. శర్మగారి తల వెనక, గోడ మీద, అరచేయంత గడియారం. పదకొండు దాటి పద్నాలుగో గీత దగ్గర ముల్లు. శర్మగారు చెయ్యెత్తారు, గట్టిమేళం అందుకుంది, తెర దిగింది. సరిగ్గా ముహూర్తానికి. సెకను తేడా లేదు.

జయదేవశర్మగారు రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నారు. పీరు నవ్వాడు. కోటేశ్వరమ్మగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. మూర్తిగారి గుండెల మీంచి కొండ దిగిపోయింది. అయితే ఆ కామెంటు వెంటనే మార్చాలి కదా అంటూ మౌసు కోసం చెయ్యి చాపారు. మహతి ఇవ్వలేదు. ఆమె ఇంకా చూస్తోంది.

తెర మీద పెళ్లికూతురు తలెత్తింది. ఎదురుగా పెళ్లికొడుకు ఉన్నాడు, అతన్ని చూసింది. తర్వాత పక్కకి తిరిగింది. అక్కడ తల్లి కూర్చుని ఉంది. తల్లి పక్క పీట ఖాళీగా ఉంది. పెళ్లికూతురు ఆ పీట వంక చూసి, వెనక్కి చూసి, మళ్ళీ పీట వంక చూసింది. తల్లి ఎవరినో రమ్మని చెయ్యి ఊపుతోంది.

మేళం హోరెత్తిపోతోంది. కానీ మైకు కెమెరాకే ఉండటంతో, కెమెరా పక్కన నిలబడ్డ మనిషి గొంతు మేళాన్ని మించి స్పష్టంగా వినిపించింది.

"పీరూ, ఈ ముక్క వేరే ఫైలు చెయ్యి. పేరులో ఖాళీలు వదలకు, అండర్‌స్కోర్ కొట్టు. పంతొమ్మిదో నంబరు."

"సార్, అక్కడ మిమ్మల్ని పిలుస్తున్నారండి."

"వెళ్తాలే. ముందు ఇది రాసుకో."

పీరు ఇబ్బందిగా లేచి వీడియో ఆపాడు.

మహతి ఈ రెండు నెలలూ ఒంగోలులోనూ మార్టూరులోనూ అందరికీ ఒక మాట చెప్పుకుంది. ఆ నిమిషంలో మా నాన్న కన్నీళ్లు ఆపుకోలేక పక్కకి వెళ్లిపోయాడని. అత్తగారికి చెప్పింది, ఇరుగుపొరుగుకి చెప్పింది, భర్తకి రెండుసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ తనూ కాస్త కళ్లు తుడుచుకుంది. ఎవరూ అడగకుండా తనంతట తనే పెట్టుకున్న కామెంటు అది.

మూర్తిగారు ఆ నిమిషాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశారు. తెర దిగినప్పుడు కూతురి ముఖం ఎలా ఉందో ఆయనకి తెలియలేదు. ఫైలు పేరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఆయనకి సిగ్గేసింది.

గదిలో సంతోషంగా ఉన్నది శర్మగారొక్కరే. ఆయన పంచాంగం మడిచి చంకన పెట్టుకుంటూ, అనుమానం తీరింది కాబట్టి శ్రావణం మాట ఇక మరిచిపోదామని, వియ్యాలవారికి తనే ఫోన్ చేసి చెబుతానని లేచారు. మూర్తిగారు తలూపారు.

"లేదు శర్మగారూ, శ్రావణంలో ముహూర్తం చూడండి," అంది మహతి.

శర్మగారు బిక్కచచ్చిపోయారు. "అదేమిటమ్మా? ముహూర్తానికే అయిందని నీ కళ్లతోనే చూశావుగా?"

"పెళ్లి ముహూర్తానికే అయిందండీ. నాన్నే రాలేదు."